మే నెల ప్రేమ, మిగిలిన పదకొండు నెలలు

ఒక గొర్రెల కాపరి ఒక అమ్మాయిని పిలుస్తున్నాడు. నాతో వచ్చేయ్, కలిసి బతుకుదాం అంటున్నాడు. వస్తే ఏమేం ఇస్తాడో వరసపెట్టి చెబుతున్నాడు. గులాబీల పడక. వెయ్యి పూలగుత్తులు. పూలతో టోపీ. మిర్టిల్ ఆకుల కుట్టుపని చేసిన లంగా. మన గొర్రెపిల్లల ఉన్నితోనే మెత్తటి గౌను. చలికి తట్టుకునేలా లోపల గుడ్డ వేసిన చెప్పులు, వాటికి మేలిమి బంగారు బకిల్స్. గడ్డీ ఐవీ చిగుళ్లూ కలిపి అల్లిన బెల్టు, దానికి పగడాల కొక్కేలు, అంబర్ బొత్తాలు. ఇవన్నీ నచ్చితే వచ్చేయ్ అంటాడు చివర్లో. మన భాషలో దీన్ని అరచేతిలో వైకుంఠం చూపించడం అంటాం.

క్రిస్టఫర్ మార్లో రాసిన 24 పంక్తుల పాట ఇది. పేరు 'ది ప్యాషనేట్ షెపర్డ్ టు హిజ్ లవ్'. ఇంగ్లిష్ సాహిత్యం చదివినవాళ్లకు ఏదో ఒక తరగతిలో తగిలే ఉంటుంది. సాధారణంగా దాని వెనకాలే జవాబు కూడా అచ్చువేస్తారు. అందులో ఆ అమ్మాయి రానంటుంది. ఈ జవాబు వాల్టర్ రాలీదని చెబుతారు. మొదటిది ఆదర్శ ప్రేమ, రెండోది సందేహం. ఒకటి కల, ఒకటి నిజం. పరీక్షలో పది మార్కులకు ఇంత రాస్తే చాలు. కానీ రెండు పాటల్నీ పక్కపక్కన పెట్టుకుని నిదానంగా చదివితే ఆ లెక్క కుదరదు. అసలు వాళ్లిద్దరి తగాదా ప్రేమ గురించేనా అని నాకు అనుమానం. ఏడాదిలో ఎన్ని నెలల్ని పాటలోకి రానివ్వాలి అన్న దగ్గరే వాళ్లకు పేచీ వచ్చినట్టుంది.

ముందు ఈ తరహా కవిత్వం గురించి ఒక మాట. గొర్రెల కాపరుల పేరు మీద, వాళ్ల గొంతుతో రాసే పాటల్ని ఇంగ్లిష్‌లో పాస్టరల్ అంటారు. రాసేవాళ్లు మాత్రం కాపరులు కారు. అందరూ పట్నంవాళ్లు, రాజుల కొలువుల చుట్టూ తిరిగేవాళ్లు. మార్లో కాంటర్‌బరీలో చెప్పులు కుట్టే ఇంట్లో 1564లో పుట్టాడు, కేంబ్రిడ్జ్‌లో చదివాడు, లండన్‌లో నాటకాలు రాశాడు. (ఆ బంగారు బకిల్స్ చెప్పుల దగ్గరకు వచ్చినప్పుడల్లా నాకు వాళ్ల నాన్న దుకాణం గుర్తొస్తుంది. దానికి ఆధారం ఏమీ లేదు, చదివేవాడి చాదస్తం.) రాలీ అయితే ఏకంగా ఎలిజబెత్ రాణి కొలువులో వెలిగినవాడు.

ఇప్పుడు ఆ కాపరి మాటల్ని కాస్త దగ్గర్నుంచి చూద్దాం. మనిద్దరం బండల మీద కూర్చుని కాపరులు గొర్రెల్ని మేపుతుంటే చూద్దాం అంటాడు. ఇదేం కాపరి? మేపేది వేరేవాళ్లు, ఈయన చూస్తాడట. సెలవులకు పల్లెకొచ్చిన పట్నం పెద్దమనిషి మాట అది. బంగారం, పగడాలు, అంబర్ ఏ కాపరి దగ్గర ఉంటాయి? పాటలో ఎక్కడా గొర్రె వాసన లేదు, బురద లేదు, ఈగ లేదు.

వ్యాకరణం ఇంకా చిత్రం. ఏ క్రియ చూసినా భవిష్యత్తే. కూర్చుంటాం, చేసిస్తాను, ఆడతారు, పాడతారు. ఇప్పటికి చేతిలో ఒక్క పూలగుత్తి కూడా లేదు. ఇక కాలం సంగతి. పాట మొత్తంలో పేరు పెట్టి చెప్పిన నెల ఒక్కటే, మే. ప్రతి మే నెల పొద్దునా నీ కోసం కాపరి కుర్రాళ్లు ఆడి పాడతారు అంటాడు. ఇంగ్లండ్‌లో మే అంటే మనలా రోహిణి కార్తె కాదు. చలి వదిలి పూలు విచ్చుకునే రోజులు. ఆ ఒక్క నెలనే సాగదీసి ఏడాదంతా పరిచేశాడు. ఒకే ఒక్క చోట పట్టు తప్పింది. ఆ చెప్పులు చలికి అన్నాడు. బంగారు బకిల్స్ మెరుపులో ఆ మాట ఎవరికీ కనపడదు. జవాబు రాసినాయనకు కనపడినట్టే ఉంది, ఎందుకంటే ఆయన సరిగ్గా అక్కణ్ణుంచే అందుకున్నాడు.

జవాబు కూడా 24 పంక్తులే. అదే ఛందస్సు, అదే నడక, చాలాచోట్ల అవే ప్రాసలు. అమ్మాయి అతని పాటని అతని రాగంలోనే తిరిగి పాడి వినిపిస్తుంది. మన అవధానాల్లో సమస్య ఇచ్చినవాడి పాదాన్నే తీసుకుని అర్థం తిప్పేస్తారు చూడండి, ఆ రకం చమత్కారం. లోకమూ ప్రేమా ఎప్పటికీ పడుచుగా ఉంటే, ప్రతి కాపరి నాలుక మీదా నిజమే ఉంటే, అప్పుడు నీ ముచ్చట్లకు నేను కరిగేదాన్నేమో అని మొదలుపెడుతుంది. ఆ తర్వాత అతను దాచిన నెలలన్నీ ఒక్కొక్కటే బయటికి తీస్తుంది. కాలం గొర్రెల్ని పొలం నుంచి దొడ్లోకి తోలుతుంది. నువ్వు చెప్పిన పలచటి వాగులు పొంగుతాయి. మనం కూర్చోవాల్సిన బండలు చల్లబడతాయి. పాడే పిట్ట మూగబోతుంది. పూలు వాడతాయి, పచ్చటి పొలాలు చలికాలానికి లెక్క అప్పజెప్పుకోవాలి. నాలుక మీద తేనె, గుండెలో చేదు అని కూడా అంటుంది. పయోముఖ విషకుంభం అని మనవాళ్లు అనేది ఇదే.

నాకు బాగా నచ్చేది నాలుగో చరణం. మార్లో రెండు చరణాలు ఖర్చుపెట్టి, ఆకు ఆకూ వర్ణించి ఇచ్చిన బహుమతుల్ని ఆమె రెండు పంక్తుల్లో మూట కట్టేస్తుంది. నీ గౌన్లు, నీ చెప్పులు, నీ గులాబీ పడకలు, నీ టోపీ, నీ లంగా, నీ పూలగుత్తులు... విశేషణాలు పీకేసింది. మేలిమి లేదు, మెత్తన లేదు, పరిమళం లేదు. పెళ్లి పెటాకులైన ఇంట్లో సామాను జాబితా రాసుకున్నట్టు ఉంటుంది. ఆపైన వరసగా చెప్పేస్తుంది: త్వరగా విరుగుతాయి, త్వరగా వాడతాయి, త్వరగా మరుపున పడతాయి.

ఇంత చెప్పాక కూడా ఆమె తలుపు పూర్తిగా వేయదు. ఆఖరి చరణంలో 'కానీ' అని మళ్లీ మొదలుపెడుతుంది. పడుచుదనం నిలిచేదైతే, ప్రేమ ఎప్పటికప్పుడు చిగురించేదైతే, సంతోషానికి గడువు లేకపోతే, ముసలితనానికి అవసరాలు లేకపోతే, అప్పుడు నీతో వచ్చి ఉండటానికి నా మనసు ఒప్పుకునేదేమో. ముసలితనానికి అవసరాలు అన్న మాట దగ్గర ఆగాలి. ఆ అమ్మాయి ఇప్పుడు పడుచుపిల్ల. అయినా తను ముసలిదయ్యే రోజు గురించి ఆలోచిస్తోంది. ఆ రోజున ఈ మనిషి పక్కన ఉంటాడా, ఉంటే ఏం పెడతాడు అని అడుగుతోంది.

ఇక్కడే నాకు పాఠ్యపుస్తకాల లెక్క తప్పనిపిస్తుంది. కాపరి పాటలో పెళ్లి ఊసు లేదు. కలకాలం అన్న మాట లేదు. నన్ను ప్రేమించు అని కూడా కాదు, ఈ సుఖాలు నచ్చితే రా అంటాడు. బేరం పెట్టినవాడు అతను. సుఖాలు కాదు, నిలిచేది కావాలి అంటున్నది ఆమె. అలాంటప్పుడు ప్రేమ మీద పెద్ద ఆశ పెట్టుకున్నది ఎవరు? కొంచెం ఆశ ఉన్నవాడు కొంచెంతో సర్దుకుంటాడు. ఆమె అడిగింది చాలా ఎక్కువ కాబట్టే దొరకదని ముందే అర్థమైపోయింది.

ఇద్దరు కవుల బతుకులు చూసినా ఇదే తిరకాసు. కలల పాట రాసిన మార్లో నాస్తికుడని, ప్రమాదకరమైన మనిషని పేరు పడ్డాడు. 1593 మే 30న డెట్‌ఫర్డ్‌లో ఒక ఇంట్లో తిని తాగిన డబ్బు ఎవరు కట్టాలన్న గొడవలో కత్తిపోటుకు పోయాడు. అప్పటికి 29 ఏళ్లు. అదీ మే నెలలోనే. అటు ప్రేమను నమ్మనన్న పాట ఎవరి పేరు మీద ఉందో ఆ రాలీ, రాణికి తెలియకుండా ఆమె పరిచారికల్లో ఒకరైన బెస్ త్రాక్‌మార్టన్‌ను పెళ్లి చేసుకున్నాడు. 1592లో సంగతి బయటపడ్డాక ఇద్దరూ లండన్ టవర్ జైలుకు వెళ్లారు. రాణి దయ పోయింది, కొలువులో స్థానం పోయింది. సందేహం రాసినవాడు ప్రేమ కోసం మునిగాడు.

జవాబు రాలీదే అనడానికి ఉన్న ఆధారం కూడా కాస్త పలచనిదే. మార్లో పోయాక 1599లో ఒక సంకలనంలో కాపరి పాట నాలుగు చరణాలుగా, షేక్‌స్పియర్ పేరు మీద అచ్చయింది. మరుసటి ఏడు 'ఇంగ్లండ్స్ హెలికాన్' అనే సంకలనంలో ఆరు చరణాలతో మార్లో పేరు మీద వచ్చింది. దాని వెంటే జవాబు ఉంది కానీ కింద సంతకం 'ఇగ్నోటో', అంటే ఎవరో తెలియనివాడు. రాలీ పేరు గట్టిగా చెప్పింది ఐజాక్ వాల్టన్, 1653లో. అదీ చేపలు పట్టడం గురించి రాసిన పుస్తకంలో.

ఆ పుస్తకంలో ఈ రెండు పాటలూ వచ్చే సన్నివేశం ఏ విమర్శకుడి వ్యాసం కన్నా బాగుంటుంది నాకు. చేపలు పట్టడానికి వెళ్తున్న ఇద్దరికి దారిలో పాలు పితికే తల్లీకూతుళ్లు తగులుతారు. కూతురు మార్లో పాట పాడుతుంది. తల్లి జవాబు పాడుతుంది. కూతురి వయసులో తానూ మొదటి పాటే పాడుకున్నదాన్నని తల్లి చెబుతుంది. లోకం బాధలు మీద పడుతున్న ఈ రెండు మూడేళ్లుగా రెండోది తనకు బాగా నప్పుతోందట. అంటే ఇవి ఇద్దరు మనుషుల పాటలే కానక్కర్లేదు. ఒకే ఆడమనిషి ఇరవైల్లో ఒకటి, నలభైల్లో ఒకటి పాడుకోవచ్చు. అప్పుడు కూడా పాలు పితకడం ఆగదు.

ఈ తగాదా మార్లోతో మొదలైందనుకుంటే పొరపాటు. క్రీస్తుపూర్వం 3వ శతాబ్దంలో గ్రీకు కవి థియోక్రిటస్ ఈ తరహా పాటల్ని మొదలుపెట్టినప్పుడే రెండు గొంతులూ ఒకే నోట్లో ఉన్నాయి. ఆయన 11వ ఇడిల్‌లో (ఇడిల్ అంటే చిన్న పల్లెపాట) పాడేది పాలిఫెమస్, నుదుటి మీద ఒకే కన్ను ఉన్న రాక్షసుడు. గొర్రెలు కాస్తుంటాడు. సముద్రకన్య గలతేయను పిలుస్తున్నాడు. నాకు వెయ్యి జీవాలున్నాయి, జున్నుకు కొదవ లేదు, వేసవిలోనూ ఉంటుంది, నడి చలికాలంలోనూ ఉంటుంది అంటాడు. చూశారా, రాక్షసుడు చలికాలాన్ని దాచలేదు. ఇంకోచోట, నేను చేపలా మొప్పలతో పుట్టి ఉంటే నీ దగ్గరికి తెల్లపూలో ఎర్ర గసగసాల పూలో తెచ్చేవాణ్ణి అంటాడు. వెంటనే సర్దుకుంటాడు: ఒకటి చలికాలంలో పూస్తుంది, ఒకటి వేసవిలో పూస్తుంది, కాబట్టి రెండూ ఒకేసారి తేలేను. ప్రేమపాట మధ్యలో ఇలాంటి సవరణ చేసుకునే ప్రేమికుడు ఇంకొకడు ఉంటాడనుకోను. ఒంటికన్ను వాడైనా ఏడాది మొత్తాన్ని చూడగలిగాడు. ఆఖరికి తనను తానే మందలించుకుంటాడు. బుద్ధి ఏమైందిరా నీకు, పోయి బుట్టలు అల్లుకో, దగ్గరున్న గొర్రెను పితుక్కో, పారిపోయేదాని వెంట పడతావెందుకు, ఇంకో గలతేయ దొరుకుతుందిలే, ఇంతకన్నా చక్కనిదే దొరకొచ్చు. కల కన్నదీ తనే, నీళ్లు చల్లుకున్నదీ తనే.

రోమన్ కవి వర్జిల్ దగ్గర ఇంకో తమాషా ఉంది. ప్రేమ అన్నిటినీ జయిస్తుంది అని ఉంగరాల మీద, పెళ్లి కార్డుల మీద వేసుకునే లాటిన్ వాక్యం ఆయన రాసిన కాపరుల పాటల్లో పదోదానిలోది. ఆ మాట అనేది గాలస్, ప్రియురాలు ఇంకొకడి వెంట మంచుదేశానికి వెళ్లిపోయి కుమిలిపోతున్నవాడు. ఆ మంచు ఆమె పాదాలను కోసేయకూడదని తపించిపోతాడు. ప్రేమ అన్నిటినీ జయిస్తుంది, మనమూ లొంగిపోదాం అని ముగిస్తాడు. ఓడినవాడు చేతులెత్తేస్తూ అన్న మాటను మనం శుభలేఖలకు ఎక్కించాం.

మళ్లీ ఇంగ్లండ్‌కు వస్తే, జాన్ డన్ కూడా మార్లో మొదటి పంక్తినే ఎత్తుకుని గొర్రెల బదులు చేపల్ని పెట్టి ఒక పాట రాశాడు. అందులో గాలం అమ్మాయే, చిక్కింది తనే. సరదాగా ఉంటుంది, అంతే. షేక్‌స్పియర్ నాటకం 'యాజ్ యు లైక్ ఇట్' సంగతి అలా తేల్చేయడానికి లేదు. ఎందుకంటే అందులో నిజమైన కాపరి ఒకడున్నాడు. పేరు కోరిన్. కొలువు నుంచి వచ్చిన విదూషకుడు వాణ్ణి ఆట పట్టిస్తుంటే, అయ్యా, మేం ఎప్పుడూ గొర్రెల్నే పట్టుకుంటాం కదా, వాటి ఒళ్లు జిడ్డు, వాటి పుండ్లకు తారు పూస్తాం, ఆ చేతుల్ని మీ కొలువులో లాగా ముద్దు పెట్టుకోమంటారా అని అడుగుతాడు. అంతకుముందే ఇంకో మాట అంటాడు: నేను ఒకరి దగ్గర జీతగాణ్ణి, నేను మేపే గొర్రెల ఉన్ని నేను కత్తిరించుకోను.

ఈ ఒక్క మాట మార్లో పాట గుండా సూదిలా దూరిపోతుంది. మన గొర్రెపిల్లల ఉన్నితో గౌను అన్నాడు కదా, ఎవరి గొర్రెపిల్లలు? ఆ కాలపు ఇంగ్లండ్‌లో ఉన్ని అంటే డబ్బు. ఊరుమ్మడి భూములకు కంచెలు వేసి భూస్వాములు గొర్రెల మందలు దింపారు, సాగు చేసుకునే జనం రోడ్డున పడ్డారు. గొర్రెలు మనుషుల్ని తింటున్నాయని థామస్ మోర్ 1516లోనే రాశాడు. అంచేత పూలు వాడిపోతాయన్న రాలీ సందేహం కాస్త పెద్దింటి సందేహమే. కోరిన్‌ది కూలిడబ్బుల సందేహం. వాడికి మే నెలలో కూడా గౌను కుట్టించే దారి లేదు.

అదే నాటకంలో సిల్వియస్ అనే కుర్ర కాపరి ఫీబీ చూపులకు చచ్చిపోతున్నానంటాడు. ఏవీ, నా కళ్లు చేసిన గాయం చూపించు అంటుంది ఫీబీ. రాలీ అమ్మాయికి చెల్లెలు అనుకోవచ్చు. కాసేపటికే మగవేషంలో ఉన్న నాయిక రోజలిండ్‌ను చూసి తొలిచూపులోనే పడిపోతుంది. పడిపోయి ఏమంటుంది? చచ్చిపోయిన కాపరీ, నీ మాటలో బలం ఇప్పుడు తెలిసింది అని, మార్లో ఇంకో కావ్యంలోని పంక్తిని యథాతథంగా చెబుతుంది. మార్లో పోయి ఆరేడేళ్లయింది. సందేహించిన పిల్ల నోటి నుంచే అతని పంక్తి పలికించాడు షేక్‌స్పియర్. ఇది వెక్కిరింతో నివాళో నాకు ఇప్పటికీ తేలలేదు. ఆయన మటుకు ఎటూ మొగ్గడు. మనుషులు ఎప్పట్నుంచో చస్తూనే ఉన్నారు, పురుగులు తింటూనే ఉన్నాయి, కానీ ప్రేమ కోసం ఎవరూ చావలేదు అని రోజలిండ్ చేత అనిపిస్తాడు. ఆ మాట అంటున్న రోజలిండే నిలువునా ప్రేమలో మునిగి ఉంటుంది.

మనకు ఈ గొడవ కొత్తేమీ కాదు. ఏలూరులో ప్లీడరు పని చేసిన నండూరి సుబ్బారావు ఎంకినీ నాయుడు బావనూ సృష్టించాడు. అక్కడా రాసింది చదువుకున్న పట్నపు మనిషి, పాడింది పల్లె జంట. కానీ ఎంకి మెడలో ఉన్నది పూసలపేరు, తల్లో ఉన్నవి పూలు. బంగారమంతా ఆమె కళ్లెత్తి చూసే చూపులో పెట్టేశాడు కవి. కాబట్టి కోరిన్ వచ్చి లెక్క అడగడానికి ఏమీ మిగల్లేదు. మార్లో కన్నా తెలివైన పని అనిపిస్తుంది నాకు.

ఇంకా వెనక్కి వెళ్తే శాతవాహన రాజు హాలుడి పేరు మీద ఉన్న గాథాసప్తశతి ఉంది. ప్రాకృతంలో 700 చిన్న పద్యాలు. గోదావరి గట్లు, చేలు, కాపుల ఇళ్లు, దొంగచాటు ప్రేమలు. నూనూగు మీసాల వయసులోనే దీన్ని తెలుగు చేశానని శ్రీనాథుడు చెప్పుకున్నాడు, ఆ పుస్తకం మనకు దక్కలేదు. గాథాసప్తశతి మొదట్లోనే ఒక గాథ వస్తుంది. వరిచేలు పండి తెల్లబడుతుంటే ఒకామె తల దించుకుని ఏడుస్తోంది. ఎందుకో పద్యంలో చెప్పడు. పల్లె తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు: ఆ చేనే వాళ్లు కలుసుకునే చోటు, కోత పడితే చాటు పోతుంది. పక్కనున్న స్నేహితురాలు ఓదారుస్తుంది. ఏడుస్తావెందుకే, అటు చూడు, జనుము చేను మొహానికి హరిదళం అనే పసుపురంగు పూసుకున్న ఆటకత్తెలా తయారైంది.

డెల్టాలో వరికోతల తర్వాత జనుము పూసిన మడి చూసినవాళ్లకు ఆ పసుపు ఏమిటో తెలుసు. మనిషి నిలువున పెరుగుతుంది కూడా. రాలీ అమ్మాయి చెప్పిందంతా ఈ స్నేహితురాలు ఒప్పుకుంటుంది. కాలం మారుతుంది, పంట కోతకొస్తుంది, ఏదీ నిలవదు. కాకపోతే ఈమె రైతుల ఇంటి మనిషి. ఒక పంట తర్వాత ఇంకో పంట ఏమిటో తెలుసు. ఇందులో కాపరి కలా లేదు, ఆ అమ్మాయి నిట్టూర్పూ లేదు. వరి పోతే జనుము.

అదే పుస్తకంలో పత్తి మీద ఒక గాథ ఉంది. పత్తిచేను దున్నడం మొదలుపెట్టే రోజు, మంచి ముహూర్తం చూసి నాగలికి పూజ చేస్తున్నారు. బొట్టు పెట్టాల్సిన ఇల్లాలికి వేరే ఆలోచనలున్నాయి. విత్తనం ఇంకా నేలలో పడనే లేదు, మొక్క ఎత్తు పెరగడానికి నెలలు పడుతుంది. నాగలి మీద ఆమె చేతులు అప్పుడే వణుకుతున్నాయి.